మంగళం మేష్ట్రు

మేష్ట్రు పోయాడని కబురు తెచ్చిన మనిషి ఇంకా గుమ్మంలో ఉండగానే నాకు కోపం వచ్చింది. రావలసింది దుఃఖం. అది రాలేదు. "ఇంకొక్క వారం ఆగితే ఏం పోయింది ఈయనకి?" అని పైకే అనేశాను. వచ్చినవాడు నన్ను ఎగాదిగా చూసి, మంచినీళ్ళైనా తాగకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. చచ్చిపోయినవాడి మీద ఈ మండిపాటేమిటని అనుకుని ఉంటాడు. ఆరేళ్ళు ఆయన పక్కన నిలబడి గిటారు వాయించి ఉంటే తెలిసేది.

మూడోరోజు, పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసే జియారత్తుకి వెళ్ళాను. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో, రోడ్డుకి కాస్త పల్లంలో ఉంటుంది వాళ్ళ ఇల్లు. పందిరి కింద వచ్చినవాళ్ళకి టీలు అందిస్తున్న ఆయన కూతురు ఖాసింబీ నా దగ్గరికి వచ్చి ఆగింది.

"మామా, మీరంతా మద్రాసు పోయి వాయించినారు గదా. ఆ గ్రామఫోను ప్లేటు యాడన్నా దొరుకుతాదా? నాయన ఊదింది ఒక్కసారి వినాలని ఉండాది."

"ప్లేటు లేదమ్మా. తయారు కాలేదు."

"నాయన మొండితనం వల్లనే గదా పోయింది. అందరూ అంటా ఉంటారు."

నేను తలూపాను. నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు, తలూపానంతే. టీ తాగి, చెప్పులేసుకుని, ఎండలో నాలుగు మైళ్ళు నడిచి ఇంటికొచ్చాను. బస్సు వస్తోందని తెలిసినా ఎక్కలేదు. దారి పొడుగునా ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఆ తలూపడం గురించి చెప్పాలంటే ముందు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పుకోవాలి.

పేరు రాయను. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు కూడా లేరు. ఊరందరికీ మేష్ట్రు. మనిషి పొట్టి, ఛాతీ మాత్రం మద్దెలలాగా ఉండేది. పెళ్ళిళ్ళకి ఎర్ర బనాతు కోటు, ఇత్తడి బొత్తాలు, తెల్ల ప్యాంటు. సాధన చేసేటప్పుడు పైన అదే కోటు, కింద గళ్ళ లుంగీ. "కోటు లేకపోతే ఊపిరి అణగదు" అనేవాడు. ఆ కోటుకీ ఊపిరికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. క్లారినెట్టుకి బిగించే పలచటి పీక ఎప్పుడూ ఆయన నోట్లోనే నానుతూ ఉండేది. ఆరితే పలకదట. దాంతో ఆయన మాటల్లో సగం మనకి అందేవి కావు. అందిన సగంలో ఎక్కువ భాగం "ఊఁ, ఇంగొకసారి" అన్న మాటే.

బాగుంది అనడం ఆయనకి చేతకాదు. ఆరేళ్ళలో ఒక్కసారి అనలేదు. వాయింపు బాగా కుదిరితే ఊదుతూనే ఒక కాలి బొటనవేలితో రెండో కాలి మడమ గోక్కునేవాడు. మరీ బాగుంటే కాళ్ళు మార్చి రెండో మడమ కూడా గోక్కునేవాడు. మేము పాట మీద పెట్టాల్సిన ధ్యాస ఆయన కాళ్ళ మీద పెట్టేవాళ్ళం. డ్రమ్ము వాయించే కోటయ్య ఒకసారి, "ఈయన మడమలకి తామర వచ్చినా బాగుండు, మనకి రవ్వంత తృప్తిగా ఉంటాది" అన్నాడు.

పాట చెవిన పడితే ఆయనకి ఒళ్ళు తెలిసేది కాదు. సంగం పక్క పల్లెలో ఒక పెళ్ళి ఊరేగింపు. పొద్దు ఇంకా వాలలేదు. పెళ్ళికొడుకు పూల కారులో కూర్చున్నాడు, ముందు మేము. వీధి మలుపులో ఒక ముసలామె అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. మేష్ట్రు ఊదుతున్నది ఊదుతున్నట్టు ఆపి, క్లారినెట్టు చంకలో పెట్టుకుని, ఆ అరుగు కింద చతికిలబడ్డాడు. ఊరేగింపు ఆగిపోయింది. పెళ్ళికూతురి మేనమామ ఊగిపోతూ వచ్చాడు.

"ఏమయ్యా, ముహూర్తం మించిపోతా ఉండాది, నీకు ఇప్పుడే కావాల్సి వచ్చిందా ఈ ముచ్చట?"

మేష్ట్రు తల తిప్పకుండానే, "పెళ్ళికొడుకు యాడికీ పోడయ్యా. పాట పోతాది" అన్నాడు.

ఆ మాట అనడానికి బాగానే ఉంది. ఆ మేనమామ చేత తిట్లు తిన్నది కోటయ్యా నేనూ.

నేను ఆయన దగ్గర చేరినప్పుడు దాన్ని బ్యాండు సెట్టు అనేవారు. అంతకు ముందు ఆయన నాయన కాలంలో అది సన్నాయి మేళం. గుడి ఉత్సవానికీ వాళ్ళే, పీర్ల పండక్కీ వాళ్ళే. మేష్ట్రు సన్నాయి దించి క్లారినెట్టు పట్టుకున్నప్పుడు ఆ పెద్దాయన ఆరు నెలలు కొడుకుతో మాట్లాడలేదట. నేను చేరింది యాభైల చివర. మద్రాసులో బీయే తప్పి, పెరంబూరులో నా పక్కగదిలో ఉండే రైల్వే ఆంగ్లో ఇండియన్ దగ్గర గిటారు నేర్చుకుని, పాత గిటారు ఒకటి వీపుకి తగిలించుకుని ఊళ్ళో దిగాను. సేద్యం చేసే ఇంట్లో ఆ వస్తువు దిగితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మా నాయన, "దాన్ని దిష్టిబొమ్మకి కట్టి చేలో నిలబెట్టు, పిట్టలన్నా పోతాయి" అన్నాడు.

మా ఇంట్లో శుభకార్యానికి వాయించడానికి వచ్చిన మేష్ట్రు దాన్ని చూశాడు. వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, గుండ్రటి రంధ్రంలోకి తొంగిచూసి, "దీనికి ఊపిరి యాడుండాది అబ్బయ్యా?" అన్నాడు.

"దీనికి ఊదేది ఉండదు మేష్ట్రూ. తీగలు మీటాలి."

"ఏదీ, మీటు."

పెరంబూరులో నేర్చుకున్న హుషారు దరువు ఒకటి వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురు చూశాను. "చెయ్యి తిరుగుతా ఉండాది గానీ, ఎవరికి చెప్తా ఉండావు ఇది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని ఆయన ఇంటికి పోయి, ఈ గిటారు మీ బ్యాండులో పెట్టుకుంటారా లేదా అని అడిగింది మాత్రం నేనే.

అక్కడి నుంచి మా బ్యాండు పేర్ల బాధ మొదలైంది. పేరు పెద్ద డ్రమ్ము మొహం మీద రాయించడం మా వైపు రివాజు. గిటారు రాగానే బ్యాండు సెట్టు అన్న పేరు మీద సున్నం కొట్టించి ఆర్కెస్ట్రా అని రాయించాడు. పడవవాళ్ళ తెడ్డుపాటలు మొదలుపెట్టాక జానపద సంగీత బృందం అయింది. మరో ఏడాదికి అదీ నచ్చక ఇంకోటి. రంగు మీద రంగు, దాని మీద మరో రంగు. చివరికి ఆ తోలు అట్టలాగా బిగుసుకుపోయి, కోటయ్య ఎంత బలంగా కొట్టినా గాదెలో దోసకాయ పడ్డట్టు దబ్ అనేది. "నా డ్రమ్ముకి చెముడొచ్చింది మేష్ట్రూ. పేరన్నా ఉంచు, మోతన్నా ఉంచు, రెండూ కుదరదు" అని కోటయ్య ఏడవని రోజు లేదు. మేష్ట్రు ఒకరోజు చేపల కత్తి పెట్టి మొత్తం రంగు గోకేశాడు. ఆ తర్వాత మేము ఏ పేరూ లేకుండానే వాయించాం. జనం అడిగితే ఒక్కొక్కడు ఒక్కో పేరు చెప్పేవాళ్ళం.

సాధన మైపాడు సరుగుడు తోపులో. ఊళ్ళో వాయిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు. ఉప్పుగాలికి నా తీగలు పదిరోజులకే తుప్పు పట్టేవి. మేష్ట్రు ఆముదంలో ముంచిన గుడ్డతో రోజూ తీగలు తుడిచేవాడు. ఆయన తుడిచాక నా వేళ్ళు జారి సగం స్వరాలు తప్పేవి. అయినా ఆ తోపులో ఏదో తయారవుతోందని నాకు తెలుస్తూనే ఉంది. గాలి ఆయనది, దెబ్బ కోటయ్యది, మధ్యలో ఇంగ్లీషు దరువు నాది. దాని మీద మా మట్టిలో పుట్టిన పాట. అలాంటి మోత ఈ చుట్టుపక్కల అంతకుముందు ఎవరూ విని ఉండరు.

కానీ ఆయనకి ఒక పట్టింపు ఉండేది, అదే మా కొంప ముంచింది. ఏ పాటైనా సరే, అది ఎవరి నోట విన్నాడో వాళ్ళ దగ్గరికి పోయి, వాయించి వినిపించి, వాళ్ళు ఊఁ అంటేనే మేము ఇంకోచోట వాయించాలి. తెడ్డుపాట పాడిన ఆసామి వేటకి పోయి రాలేదని నాయుడుపేటలో ఒప్పుకున్న కచేరీకి ఆ పాట లేకుండానే పోయాం. జనం దాని కోసమే వచ్చారు. అరిచి గోలచేసి పంపించారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని నేను మొహం మీదే అన్నాను. "ఊఁ" అన్నాడు, పీక నములుతూ.

రవణమ్మ దగ్గరికి కూడా అలాగే తీసుకెళ్ళాడు. ఆమె మా ఊరి పక్క పొలాల్లో నాట్లు వేసే కూలీల ముఠాకి పెద్ద. నలభై ఏళ్ళుంటాయి, నోరు పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. ఆమె పాడే నాట్ల పాట ఒకటి మేష్ట్రుని పట్టుకుంది. మోకాటి లోతు బురదలో నేను గిటారు నెత్తిన పెట్టుకుని, కోటయ్య డ్రమ్ము భుజాన పెట్టుకుని నడిచాం. గట్టు మీద కూర్చుని వాయించాం. ఆడవాళ్ళంతా నారుకట్టలు ఒక చేత్తో, నడుములు ఒక చేత్తో పట్టుకుని నవ్వారు.

"అయ్యా ఊదే సామీ, పాట బాగానే ఊదినావు గానీ అక్కడ అంత సాగదీస్తే ఎట్టా? వంగిన నడుం వంగినట్టే ఉంటాది. మొక్క గుచ్చేదానికి సందు ఉండబళ్ళా?" అంది రవణమ్మ.

"యాడ సందు, చూపించమ్మా."

ఆమె పాడుతూ నాటింది. ఒక ముక్క పాట, చిన్న విరామం, ఆ విరామంలో మొక్క బురదలోకి దిగేది. అప్పుడు నాకు దొరికింది నా దరువు. మొక్క గుచ్చే చోట గిటారు దెబ్బ పడాలి. పడింది. రవణమ్మ నా వైపు చూసి, "ఈ పిలగోడు నాటినాడు మొక్క" అంది. పక్కనే ఉన్న మేష్ట్రు మడమ గోక్కున్నాడు. ఒకటే మడమ.

ఆ పాటకి చివర ఒక చరణం ఉంది.

నాటినోళ్ళ చెయ్యి చల్లన
నాటిన మడి పచ్చన
మళ్ళొచ్చేదాకా మట్టితల్లీ
మంగళం నీకు మంగళం

దాన్ని ఆమె మడి చివరి కట్ట నాటాకే పాడింది. పాడి గట్టెక్కి కాళ్ళు కడుక్కుంది. ఒక మూల నాలుగు మొక్కలు పడిపోయి ఉంటే నేను చూపించాను.

"రేపు చూద్దాం అబ్బయ్యా. మంగళం పాడినాక ఆ మడిలో ఇంగ కాలు పెట్టేది లేదు. మా అమ్మ పెట్టలా, నేను పెట్టను" అంది.

"మాదీ అంతే. మంగళం వాయించినాక పీక కడిగేస్తాము. ఆరోజుకి ఇంగ వాయిద్యం ముట్టుకోము. మా నాయన నేర్పింది" అన్నాడు మేష్ట్రు. ఇద్దరూ ఒకే ఊరి వాళ్ళు కలుసుకున్నట్టు సంబరపడ్డారు. నేనేమో కాళ్ళకి పట్టిన జలగని పీక్కుంటున్నాను.

ఆ పాటే మమ్మల్ని మద్రాసు దాకా తీసుకెళ్ళింది. మైపాడులో మా వాయిద్యం విన్న ఒక పెద్దమనిషి, గ్రామఫోను ప్లేట్లు తయారుచేసేవాళ్ళకి చెప్పి ఒక పూట ఏర్పాటు చేయించాడు. ఒక్క పూట, ఒక్క పాట. నాకు అంతకన్నా ఏం కావాలి? బీయే తప్పినవాణ్ణి, దిష్టిబొమ్మకి కట్టమన్న గిటారు నాది. ఆ నల్లటి ప్లేటు ఒకటి మా నాయన ముందు పెడితే చాలు. రైల్లో నేను కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. మేష్ట్రు బూట్లు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నాడు. అవి కరిచి దారంతా మూలిగాడు.

స్టూడియో అంటే నాలుగు గోడలకీ మందపాటి గుడ్డలు కట్టిన గది. తలుపు మూస్తే చెవులు మూసుకుపోయినట్టు ఉంది. అద్దానికి అవతల ఇంజనీరు, ఇవతల మేము. కోటయ్య అద్దానికి వీపు పెట్టి డ్రమ్ముతో కూర్చున్నాడు. ఇంజనీరుకి తెలుగు రాదు. మేష్ట్రుకి అరవం రాదు. మాటలు నా ద్వారా నడవాలి. ఇంజనీరు లోపలికి వచ్చి నాకు ఏదో చెప్పి, మళ్ళీ అద్దం వెనక్కి పోయాడు.

"మొత్తం ఒకసారి వాయించమంటా ఉండాడు మేష్ట్రూ" అన్నాను.

మేష్ట్రు అద్దం వైపు చూశాడు. నా వైపు చూశాడు. "మొత్తమా?"

"మొత్తం."

వాయించాం. ఇక దాని గురించి ఏం చెప్పను? ఆరేళ్ళ సరుగుడు తోపు అంతా ఆ గదిలోకి వచ్చింది. నా వేళ్ళు నావి కావు. రవణమ్మ మొక్క గుచ్చిన ప్రతి చోటా నా దెబ్బ పడింది, ఒక్కటి తప్పలేదు. కోటయ్య డ్రమ్ముకి చెముడు వదిలింది. మేష్ట్రు చివరి చరణం ఊదుతుంటే అద్దం వెనక ఇంజనీరు లేచి నిలబడ్డాడు. మడమ గోక్కున్నాడో లేదో మాత్రం తెలియదు, బూట్లున్నాయి. మంగళం అయిపోయింది. మేష్ట్రు పీక తీసి, అక్కడున్న నీళ్ళ గ్లాసులో కడిగి, గుడ్డలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. కోటయ్య డ్రమ్ము తాళ్ళు వదులు చేశాడు. నేను కూడా గిటారు తీగలు దించి పెట్టెలో పెట్టాను. ఎవరూ చెప్పలేదు. అలవాటు.

ఇంజనీరు తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చాడు. బ్రహ్మాండం, ఇప్పుడు మెషీను తిప్పుతాను, మళ్ళీ మొదలుపెట్టండి అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

"ఇప్పుడు వాయించినాము గదా" అన్నాడు మేష్ట్రు.

"అది ట్రయలు మేష్ట్రూ. మెషీను తిరగలా."

"మంగళం అయిపోయింది అబ్బయ్యా. రేపొస్తామని చెప్పు."

రేపు ఇంకెవరికో ఇచ్చేశారు. ఎల్లుండీ అంతే. బయట అప్పటికే ఇంకో బృందం తబలాలు సరిచేసుకుంటోంది. నేను బతిమాలాను. చివరి చరణం వదిలేసి మిగతాది వాయిద్దామన్నాను. కోటయ్య కాళ్ళు పట్టుకోబోయాడు. మేష్ట్రు చెమటలు కక్కుతూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జేబులోని పీక మీద చెయ్యి పెట్టాడు, తియ్యలేదు.

"రవణమ్మ ఆ మడిలో మళ్ళీ దిగుతాదా?" అన్నాడు.

"ఇది మడి కాదు మేష్ట్రూ! మెషీను!"

"మెషీనుకి తెలవదు. మనకి తెలుసు గదా."

నోటికాడి కూడు పోవడం అంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది. రైల్లో ఆయన ఎదురుగా కూర్చుని, గూడూరు దాటేదాకా తిట్టాను. నీ పిచ్చికి మా బతుకులు తగలబెట్టావన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో చేరడం నా బుద్ధి తక్కువన్నాను. ఆయన బూట్లు విప్పి, పొక్కులు కట్టిన కాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఊరికొచ్చాక నేను ఊరుకోలేదు. టీ అంగడి దగ్గర, రచ్చ దగ్గర, బస్సు కోసం నిలబడ్డచోట, విన్నవాడికల్లా ఈ కథ చెప్పాను. మంగళం మేష్ట్రు అని పేరు పెట్టింది నేనే. అది అంటుకుంది. పెళ్ళికి బ్యాండు మాట్లాడేవాళ్ళు, "ఆ మంగళం మేష్ట్రు వద్దులే, మొదట్లోనే ఆ మాటెందుకు" అని వేరేవాళ్ళని పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఒక్కసారైనా నన్ను నిలదీయలేదు. కోటయ్య రైసుమిల్లులో పనికి చేరాడు. నేను సేద్యంలో పడ్డాను. గిటారు దూలానికి వేలాడదీశాను. తీగలకి ఆముదం రాసేవాళ్ళు లేక ఒక్కొక్కటే తెగిపోయాయి.

నాలుగేళ్ళు గడిచాయి. ఆయనకి ఉబ్బసం ముదిరిందని తెలిసి, నెలన్నర కిందట ఒక మధ్యాహ్నం చూడడానికి వెళ్ళాను. నులక మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. లుంగీ మీద అదే ఎర్ర కోటు. బొత్తాలు రెండే మిగిలాయి. ఆ ఛాతీ లోపలికి పోయింది. నోట్లో పీక మాత్రం ఉంది. ఊదడానికి ఊపిరి లేదు, నానబెట్టుకుంటున్నాడంతే. అది చూసి నాకు జాలి వేయాలి. కోపం వచ్చింది.

"ఆరోజు ఒక్కమాట ఒప్పుకునుంటే ఇయ్యాల నీ పాట మంచం పక్కన పెట్టుకుని వినేవాడివి గదా మేష్ట్రూ" అన్నాను.

ఆయన పీక తీసి చేతిలో పెట్టుకున్నాడు. అందుకని ఆ మాటలన్నీ నాకు స్పష్టంగా వినిపించాయి.

"ఆ అద్దం కాడి అయ్య రెండు చరణాలు చాలన్నాడు గదా నీతో."

"నీకు అరవం రాదు గదా" అన్నాను.

"అరవం రాదు గానీ నాకు కళ్ళున్నాయి అబ్బయ్యా. రెండు వేళ్ళు చూపించినాడు."

నిజం. నేను ఎవరికీ చెప్పని నిజం. మోత సరిచూసుకోవాలి, రెండు చరణాలు వాయిస్తే చాలు అన్నాడు ఇంజనీరు. నేనే మొత్తం అన్నాను. అద్దం వెనక మనుషులు చూస్తున్నారు, నా దరువు చివరిదాకా వాళ్ళకి వినిపించాలన్న దురద. మంగళం సంగతి నాకు ఆ నిమిషంలో గుర్తే లేదు. గుర్తొచ్చాక, తప్పు ఆయన మీద వేసెయ్యడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"తెలిసి... మరి ఎందుకు వాయించావు? ఆడనే ఆపొచ్చు గదా?" అన్నాను.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "రెండు చరణాల కాడ ఆపుదామనే అనుకున్నా. నీ చెయ్యి ఆరోజు అంత బాగా పలకతా ఉంటే, ఆపబుద్ధి కాలా."

ఆరేళ్ళూ, ఆపైన నాలుగేళ్ళూ నేను ఎదురు చూసిన మాట అది. అది వినాల్సి వచ్చిన తీరు చూడండి. క్షమించమనాలి, కోటయ్యకీ ఊరికీ నిజం చెబుతాననాలి. "వచ్చే వారం వస్తా మేష్ట్రూ" అని లేచాను. ఆయన "ఊఁ" అని పీక మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఆ వచ్చే వారం లోపలే కబురొచ్చింది. ఎవరి మీద నాకు కోపం వచ్చిందో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

నిన్న నలభయ్యో రోజు ఫాతెహా. వెళ్ళాను. కోటయ్య కూడా మిల్లు నుంచి నేరుగా వచ్చాడు, ఒళ్ళంతా తవుడు. భోజనాలయ్యాక, పదిమంది ఉండగానే, ఖాసింబీని కూర్చోమని చెప్పి రెండు వేళ్ళ సంగతి చెప్పాను. దాచకుండా చెప్పాను. మంగళం మేష్ట్రు అన్న పేరు ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాను.

కోటయ్య లేచి నిలబడ్డాడు. "నాలుగేళ్ళు ఆ మనిషిని నా చేత తిట్టించినావు గదయ్యా" అన్నాడు. "ఎదురైతే పలకరించలా నేను. పక్క సందులోంచి పోయినా." మొహం తిప్పుకుని పందిరి గుంజ పట్టుకున్నాడు.

ఖాసింబీ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే మామా," అంది, "ఆరోజు నాయన బాగా వాయించినాడా?"

"బాగా వాయించాడమ్మా. అందరం బాగా వాయించాం."

ఆమె నన్ను నమ్మాలో లేదో తెలియనట్టు చూసింది. నమ్మాలని నేనెలా అడగను? చూపించడానికి ప్లేటు లేదు, విన్నవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు, చెబుతున్నది నేను.

కోటయ్య ఇటు తిరగలేదు. గుంజ వదల్లేదు. అటే చూస్తూ, "వాయించినాము" అన్నాడు.